సంతకానికి ముందు చూడవలసిన గడి

2001లో బంగారు గనులు మూతపడ్డాక మన కేజీఎఫ్ పిల్లలు పొద్దున్నే రైలెక్కి బెంగళూరు పనులకు పోతున్నారు. ఇప్పుడు కొందరిని అమెరికా పిలుస్తోంది: తోటల్లో, హోటళ్లలో జీతంతో పని నేర్చుకోవచ్చని. టమక ఉద్యాన కళాశాల వంటిచోట చదివేవారికి మంచి అవకాశమే.

దానికి జే-1 వీసా కావాలి. కాలేజీలో చదువుతున్నవారికి, చదువు ముగించి ఏడాది దాటనివారికి ఈ ఇంటర్న్ అవకాశం. గడువు 12 నెలలు. ఉత్త కూలిపని చేయించకూడదని నియమం.

నా దగ్గర చదివిన అబ్బాయి తండ్రి టమాటా అమ్మిన పైకమంతా ఏజెంటుకు కట్టాడు. కాగితమేదయ్యా అంటే, తరువాత అన్నారట! ఆ కాగితం పేరు డీఎస్-7002. ఎక్కడ పని, ఏం నేర్పుతారు, భత్యం ఉందా, ఉంటే ఎంత, అన్నీ అందులోనే. దానిపై విద్యార్థి కూడా సంతకం చేయాలి. అమ్మా, అయ్యా, పిల్లవాడు సంతకం పెట్టేముందు భత్యం గడి చదివించుకోండి. సెలవు.