సర్వం జగన్నాథం

ప్రయాణమంటే మా ఇంట్లో ముందుగా అటక మీంచి దిగేది సూట్‌కేసు కాదు, పొడుల డబ్బా. కందిపొడి, కరివేపాకు పొడి, మాగాయ, నేతి సీసా, అటుకులు, చిన్న కరెంటు పొయ్యి - ఇవన్నీ సర్దాకనే బట్టల సంగతి. బెంగళూరులో మూడు తరాలుగా ఉంటున్నాం. కన్నడం మాకు ఇంటి భాషతో సమానం. అయినా ఊరు దాటామంటే మా కళ్ళు "ఆంధ్రా మెస్" అన్న బోర్డు కోసమే వెతుకుతాయి. ముప్ఫై ఏళ్ళ బ్యాంకు ఉద్యోగంలో ఎల్‌.ఎఫ్‌.సి. మీద చాలా ఊళ్ళు చూశాను. చూశాను అనడమే గాని, తిన్నది మాత్రం అన్ని చోట్లా ఇడ్లీయే. ఒకసారి జైపూరులో పప్పన్నం కోసం ఆటోలో రెండు గంటలు తిరిగాం. ఆ తిరుగుడులో చూడవలసిన కోట మూసేశారు. పప్పన్నమూ దొరకలేదు.

దీనికంతటికీ మా అమ్మే కారణమని చెప్పి తప్పించుకోవచ్చు గాని, సగం పాపం నాది. అమ్మకు 79 ఏళ్ళు. మడి, ఆచారం ఉన్న మనిషి. బయట మంచినీళ్ళు తప్ప ఇంకేమీ ముట్టదు. పిల్లలు పప్పులో గరిట తీసి పెరుగులో ముంచితే "అంతా సర్వం జగన్నాథం చేశారు కదరా!" అని కసురుతుంది. ఆ మాటను నేను చిన్నప్పటినుంచీ తిట్టుగానే విన్నాను.

అలాంటి అమ్మ కిందటేడు వేసవిలో ఒకరోజు తనంత తానే, "కళ్ళు మూసేలోగా పూరీ జగన్నాథుణ్ణి చూడాలిరా" అంది. వెంటనే నాకు బరంపురం మిత్రుడు గుర్తుకొచ్చాడు. గుర్తుకు రాగానే కొంచెం ఇబ్బంది కూడా కలిగింది. దాని సంగతి చెప్పాలి.

2001లో అతను బదిలీ మీద మా శాఖకు వచ్చాడు. నాలుగు తరాలుగా ఒడిశాలో ఉన్న తెలుగు కుటుంబం. ఊరుగాని ఊళ్ళో ఒంటరిగా ఉన్నాడు కదా అని ఉగాదికి భోజనానికి పిలిచాను. ఇంటికొచ్చాక అమ్మ అతని ఇంటిపేరు అడిగింది, ఊరు అడిగింది, ఇంకా ఏవో అడిగింది. తరువాత అందరికీ లోపల ఆకులు వేసి, అతనికి మాత్రం వసారాలో వేసింది. అతను తిని లేచాక ఆ చోట పసుపునీళ్ళు చల్లి తుడిచింది. చెప్పులేసుకుంటూ అతను అది చూశాడు. అతను చూడటం నేను చూశాను. ఏమీ మాట్లాడలేదు, అతనూ మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు. మర్నాడు కౌంటరు దగ్గర "అమ్మగారి బొబ్బట్లు అమోఘం" అన్నాడు, అంతే. ఆ పైన ప్రతి దసరాకూ "ఒకసారి మా వైపు రండి" అని పిలుస్తూనే ఉన్నాడు. నేనే ఏదో ఒక ఆడిట్ అడ్డం పెట్టేవాణ్ణి.

మొత్తానికి దసరా సెలవుల్లో బయల్దేరాం. మేము ఐదుగురం, బళ్ళారి నుంచి మరో మిత్రుడి కుటుంబం నలుగురు. బళ్ళారి మిత్రుడిది నాకు పూర్తిగా ఎదురు పద్ధతి. ఏ ఊరు వెళ్ళినా రైలు దిగగానే, ఇక్కడ బాగా దొరికే తిండి ఏమిటని పోర్టరును అడుగుతాడు.

బరంపురంలో మిత్రుడి ఇంట్లోనే దిగాం. మేడమీది గది మాకిచ్చారు. అమ్మ తన కరెంటు పొయ్యి తీయబోతుంటే ఆ ఇంటి ఇల్లాలు కొత్త పొయ్యి, కొత్త గిన్నె, విడిగా పట్టిన నీళ్ళ బిందె తెచ్చి పెట్టింది. "ఎవరూ వాడలేదండీ అత్తయ్యగారూ" అంది. గిన్నె అడుగున ధర చీటీ ఇంకా అంటుకునే ఉంది. మేము అడగలేదు. అడగకుండానే ఆవిడకు తెలిసిందంటే, 2001 నాటి వసారా సంగతి ఆ ఇంట్లో ఎప్పుడో మాట్లాడుకున్నారన్నమాట. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

అమ్మ ఆ గిన్నెలో తన అన్నం తాను వండుకుంది. మేము మాత్రం కింద పడ్డాం. బరంపురం గురించి తెలియనివారికి చెప్పాలి. మన వి.వి.గిరిగారు 1894లో పుట్టిన ఊరు. వీధుల్లో తెలుగూ ఒడియా ఒకే వాక్యంలో కలిసి వినిపిస్తాయి, తిండీ అంతే. పొద్దున్నే బండి మీద మన గారెలాంటి "బరా", దాని మీద చట్నీ బదులు "ఘుగుని" అనే బఠాణీల కూర వేసి ఇస్తారు. అప్పడాలకూ పచ్చళ్ళకూ ఊరికి పెట్టింది పేరు. మా అమ్మాయి అక్కడే నిలబడి మూడోసారి పెట్టించుకుంటుంటే, జైపూరులో పప్పన్నం వెతికిన మనిషిని నేనేనా అనిపించింది.

మధ్యాహ్నం ఆ ఇంటివాళ్ళు "పఖాళ" తిన్నారు. అన్నంలో నీళ్ళు పోసి పులియనిచ్చి, పెరుగు కలిపి, పక్కన ఆకుకూర వేపుడు, "బడి చూరా" పెట్టుకుంటారు. బడి అంటే మన మినప వడియం. దాన్ని వేయించి వెల్లుల్లి, పచ్చిమిర్చి వేసి నలిపితే చూరా. అమ్మ మెట్ల మీద కూర్చుని చూస్తూ, "ఇది మన చద్దన్నమే కదమ్మా! మా అమ్మ తరవాణి కుండ పెట్టేది" అంది. తినలేదు. కాని వడియంలో గుమ్మడికాయ కలుపుతారా లేదా అని ఆవిణ్ణి అరగంట అడిగింది.

మూడోనాడు రెండు కార్లలో పూరీకి. సుమారు 170 కిలోమీటర్లు. దారిలో చాలాసేపు చిలికా సరస్సు కుడిచేతివైపు కనబడుతూ వస్తుంది. బాలుగావ్ దగ్గర బళ్ళారి మిత్రుడు కారు ఆపించి రొయ్యలూ పీతలూ తెప్పించుకున్నాడు. మా అబ్బాయి వాళ్ళ బల్ల దగ్గరే ఎక్కువసేపు కనిపించాడు. ఏం తిన్నాడో నేను అడగలేదు, అమ్మ అడక్కుండా చూసుకున్నాను.

మర్నాడు దర్శనం. సింహద్వారం దాటాక 22 మెట్లుంటాయి, వాటిని "బైసి పహచ" అంటారు. మోకాళ్ళ నొప్పులతో అమ్మ ఒక్కో మెట్టూ ఎక్కుతుంటే ఒకవైపు నేను, రెండోవైపు బరంపురం మిత్రుడు పట్టుకున్నాం. ఆ తోపులాటలో ఎవరి చెయ్యి ఎవరిదో ఆవిడ చూసుకోలేదు. దర్శనం క్షణంలో అయిపోయింది. ఆ గుండ్రటి కళ్ళు మాత్రం మిగిలాయి.

అక్కణ్ణుంచి ఆనందబజారు. వెలుపలి ప్రాకారంలో ఈశాన్యం మూల ఉంటుంది. ఇది నేననుకున్నట్టు ప్రసాదం కౌంటరు కాదు, నిజంగా బజారే. మట్టి కుండలు వరుసగా పెట్టుకుని అమ్ముతుంటారు. కొనేవాళ్ళు బేరమాడుతుంటారు. రసీదు మాట లేదు. నాలాంటివాడికి చెయ్యి ఊరికే ఉండదు గాని, ఊరుకున్నాను.

ఆ వంట పద్ధతి మిత్రుడు చెబుతుంటే విన్నాం. వంటవాళ్ళను "సువారు"లంటారు. 752 పొయ్యిలున్నాయని లెక్క చెబుతారు. అంతా కట్టెల మంట, మట్టి కుండలు. కుండ మీద కుండ పేర్చి వండుతారు. వాడిన కుండ మళ్ళీ వాడరు. నీళ్ళు ఆవరణలోని గంగ, యమున అనే బావులవి. ముందు జగన్నాథుడికి, ఆ తరువాత విమలాదేవికి నివేదన అయ్యాకనే అది మహాప్రసాదం అవుతుంది.

అమ్మ ఒక్కటే అడిగింది: "ఉల్లీ వెల్లుల్లీ వేస్తారా?"

"అవే కాదు అమ్మగారూ, బంగాళాదుంప, టమాటా, క్యాబేజీ కూడా గుడి వంటింట్లోకి రావు. పచ్చి అరటి, కంద, చేమ, గుమ్మడి, ఇవే."

"అయితే మన తద్దినం వంటే" అంది అమ్మ. ఆవిడ నోట అంతకు మించిన మెప్పు ఉండదు.

పదకొండుమందికి కొన్నాం. అన్నం, పప్పు, ఆవపెట్టి చేసిన "బేసర", ఆకుకూర, పులుపూ తీపీ కలిసిన "ఖటా", నెయ్యి కలిపిన తియ్యటి "కనికా" అన్నం, పాయసం. మా ముందు ఒకాయన కుండలో వేలు పెట్టి రుచి చూసి, బాగుందని తలాడించి, పక్క కుండ దగ్గరికి వెళ్ళాడు. అమ్మేవాడు ఏమీ అనలేదు. అమ్మ చూసింది. నేను ఊపిరి బిగబట్టాను. ఆవిడ పెదవి కదిలింది గాని, మాట రాలేదు.

నేల మీదే కూర్చున్నాం. అరిటాకులు చాల్లేదు. ఉన్నవి తొమ్మిది. మిత్రుడు కుండ పగలగొట్టి, అన్నం చేత్తో తీసి అందరికీ వడ్డించాడు. అమ్మకూ అదే చేత్తో వేశాడు. అతనూ భార్యా మాత్రం, "మాదేముంది, ఇక్కడివాళ్ళమే, తరువాత తింటాం" అని నిలబడ్డారు.

అమ్మ కాసేపు ఆకువైపు చూసింది. తరువాత చీర కొంగు సర్దుకుని కొద్దిగా పక్కకు జరిగి, "ఈ ఆకు పెద్దదే, నాకింత ఎక్కడ సాగుతుంది. ఇటు కూర్చో నాయనా" అంది.

అతను కూర్చున్నాడు. అతని భార్య నా భార్య ఆకు దగ్గర కూర్చుంది. ఒకే ఆకులో అటు అతను, ఇటు అమ్మ. మధ్యలో పప్పు రెండువైపులా పారింది. కందిపప్పులో అల్లం, నెయ్యి, కట్టెల పొగ వాసన, మట్టి కుండ వాసన. అంత రుచిగల పప్పు నేను ఎరగను, నాకప్పుడు గొంతు దిగింది తక్కువే అయినా. ఫోటో ఏదని సంపాదకులు అడగవద్దు. ఫోన్లు బయటే ఇచ్చి లోపలికెళ్ళాలి.

తిరుగు దారిలో కారులో అమ్మ కిటికీ లోంచి చూస్తూ ఉన్నట్టుండి అడిగింది: "ఆ ఉగాది రోజు వసారాలో ఎండ తగిలిందేమో కదా నీకు?"

మిత్రుడు ముందు సీట్లోంచి వెనక్కి తిరిగాడు. "బొబ్బట్లు గుర్తున్నాయి అమ్మగారూ. ఎండ గుర్తులేదు."

ఇరవై ఏళ్ళకు పైగా సస్పెన్సు ఖాతాలో పడి ఉన్న పద్దు అది. నేను రాయవలసిన ఓచరు అమ్మ రాసింది.

ఆ తరువాత అంతా తిండి యాత్రే. పూరీ ఖాజా కొన్నాం. పొరలుపొరలుగా మన మడత కాజాకు అన్నగారిలా ఉంటుంది గాని పాకం లోపల ఉండదు, పైన పూతే. యానాం, కాకినాడ వైపువాళ్ళు మా కాజాయే గొప్ప అనవచ్చు, నేను మధ్యవర్తిగా రాను. భువనేశ్వరం నుంచి కటకం వెళ్ళే దారిలో పహాళ అనే చోట రోడ్డు పక్క రసగుల్లాలు వేడివేడిగా అమ్ముతారు. తెల్లగా కాక కాస్త గోధుమరంగులో, మెత్తగా ఉంటాయి. ఈ మిఠాయి కోసం రెండు రాష్ట్రాలు వాదులాడుకుని, 2017లో బెంగాల్ రసగుల్లాకూ 2019లో ఒడిశా రసగుల్లాకూ వేరువేరుగా భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్నాయి. రథయాత్ర ముగిసి స్వామి గుడికి తిరిగొచ్చినప్పుడు, అలిగిన లక్ష్మీదేవికి రసగుల్లా పెట్టి బుజ్జగిస్తాడట. అమ్మ బజారు మిఠాయి తినలేదు. "లక్ష్మీదేవికి పెట్టినవి ఇవేనా?" అని రెండుసార్లు మాత్రం అడిగింది.

బెంగళూరు వచ్చి విప్పి చూస్తే పొడుల డబ్బా ముక్కాలు అలాగే ఉంది. పోయిన వారం అమ్మ స్వయంగా దాల్మా చేసింది. కందిపప్పులో పచ్చి అరటి, గుమ్మడి, చేమ వేసి ఉడికించి, పైన వేయించిన జీలకర్ర, ఎండుమిర్చి పొడి చల్లింది. బాగానే కుదిరింది గాని తనకు తృప్తి కలగలేదు. బరంపురానికి ఫోను కలపమంది.

"పోపులో సోంపు కూడా వేస్తారా నాయనా? ఎంత?... సరే. వడియాలు అయిపోయాయి. నువ్వొచ్చేటప్పుడు తీసుకురా. ఉగాదికి రా. ఆ అమ్మాయినీ తీసుకురా. లోపలే వడ్డిస్తాను."