లాటు ఏరినట్టే ప్రొఫైలూ ఏరాలి

ఈసారి ఆకు గురించీ, ఊజీ ఈగ గురించీ కాదు, మన పిల్లల ఉద్యోగాల గురించి రాస్తున్నాం. మన గ్రూపులో చాలామంది ఇళ్లల్లో ఇంజనీరింగో బీసీఏనో ముగించిన పిల్లలు ఉన్నారు. చదువు అయిపోయింది, పని దొరకలేదు, పొద్దస్తమానం ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఉంటారు. మా ఇంట్లోనూ ఏడాదికి పైగా ఇదే కథ. మేము చదివింది ఎస్‌ఎస్‌ఎల్‌సి వరకే. అయినా ఈ ఏడాదిలో మేము చూసింది, నేర్చుకున్నది మీకు పనికొస్తుందని చెప్తున్నాం.

మాది శిడ్లఘట్ట పక్క పల్లె. ఎకరన్నర వి-1 తోట, ఒక షెడ్డు. పంటకు 250 గుడ్లు మేపుతాం. మా పెద్దమ్మాయి బెంగళూరులో కంప్యూటర్ సైన్స్‌లో బీఈ చేసింది. లింక్డ్‌ఇన్‌లో, నౌకరీలో పేరు పెట్టుకుని రోజూ పది చోట్లకు పంపేది. ఎక్కడి నుంచీ జవాబు లేదు. అడిగితే చిరాకు పడేది, మేమూ అడగడం మానేస్తిమి.

అప్పుడు బెంగళూరులో ఒక కన్సల్టెన్సీ వాళ్లు ఫోన్ చేసినారు. 80 వేలు కడితే రెండేళ్లు ఎక్కడో పనిచేసినట్టు కాగితాలు ఇస్తారంట, ప్రొఫైలూ వాళ్లే రాస్తారంట. 80 వేలంటే మాకు దాదాపు ఒక పంట. అయినా బిడ్డ ముఖం చూసి కడదామనే అనుకుంటిమి. దాచేదేముంది, గూళ్లు అమ్మిన డబ్బు తీసి పక్కన కూడా పెట్టినాం.

ఆ వారమే మా మేనల్లుడు ఊరికి వచ్చినాడు. బెంగళూరులో ఎనిమిదేళ్లుగా సాఫ్ట్‌వేర్ పని చేస్తున్నాడు. మేము చంద్రికల నుంచి గూళ్లు విడదీస్తూ ఉంటే పక్కన కూర్చుని ఈ సంగతి విన్నాడు.

"మామా, ఆ డబ్బు కట్టొద్దు. కొత్త కంపెనీవాళ్లు పాత ఉద్యోగం నిజమా కాదా అని విచారిస్తారు. పీఎఫ్ ఖాతా చూస్తే ఏ కంపెనీ ఏ నెలలో డబ్బు కట్టిందో తెలిసిపోతుంది. దొరికితే చేరిన ఉద్యోగమూ పోతుంది, పేరూ పోతుంది" అన్నాడు.

తర్వాత అమ్మాయి ప్రొఫైల్ తన ఫోన్లో తెరిచినాడు. కాసేపు చూసి మా చేతుల్లోని గూళ్ల వైపు చూపించినాడు. "మీరు పలచ గూళ్లు, మచ్చ గూళ్లు, జంట గూళ్లు ఏరి పక్కన వేస్తున్నారు కదా. ఈ ప్రొఫైల్లో అన్నీ కలిపి పోసేసింది" అన్నాడు.

అది మాకు బాగా అర్థమైంది. మార్కెట్లో రీలరు మన మాట వినడు. పిడికెడు గూళ్లు తీసుకుని నొక్కి చూస్తాడు, చెవి దగ్గర ఊపి చూస్తాడు, ముందుకు పోతాడు. ఉద్యోగం ఇచ్చేవాడూ అంతే. వందల పేర్లు చూడాలి, ఒక్కొక్కరి దగ్గర ఆగడానికి టైమ్ ఉండదు.

*దాచిపెట్టిన పని*

అమ్మాయి ప్రొఫైల్లో పేరు కింద "ఉద్యోగం వెతుకుతున్న ఫ్రెషర్" అని ఉంది. నైపుణ్యాలని ముప్పై పేర్లు రాసింది. ప్రాజెక్టులు మూడు, మూడూ వీడియోలు చూసి చేసినవే. "ఇవి అందరి దగ్గరా ఉంటాయమ్మా. నువ్వు సొంతంగా ఏం చేసినావు?" అని మేనల్లుడు అడిగినాడు. "ఏం లేదు బావా" అనింది.

అప్పుడు మేమే చెప్పినాం. మూడేళ్ల కింద మేము షెడ్డులో వేడి, తేమ రాసుకునే నోటు పుస్తకం తడిసి పాడైంది. సెలవులకు వచ్చిన అమ్మాయి మా ఫోన్లో తెరుచుకునే ఒక పేజీ తయారుచేసింది. ఏ పూట ఎంత వేడి, ఎంత తేమ, ఎన్నిసార్లు ఆకు వేసినామో అందులో నొక్కితే చాలు. ఐదో దశలో పురుగుకు 24 డిగ్రీల దగ్గర వేడి, 70 శాతం దగ్గర తేమ ఉండాలి కదా, అది దాటితే గడి ఎర్రగా అవుతుంది. మాటలన్నీ తెలుగులోనే. ఈ రోజుకూ మేము దాన్నే వాడుతున్నాం.

మేనల్లుడు ఆశ్చర్యపోయినాడు. "ఇది ఎందుకు పెట్టలేదు?" అంటే అమ్మాయి తల దించుకుంది. "పురుగుల పని అంటే నవ్వుతారని" అనింది. కాలేజీలో నాన్న వ్యాపారం చేస్తాడని చెప్పుకునిందంట. ఆ మాట విని మాకు గూళ్లు ఏరే చేతులు ఆగిపోయినాయి. కోపం రాలేదు. మనం మార్కెట్లో తల ఎత్తుకుని నిలబడే పనిని బిడ్డ దాచుకోవాల్సి వచ్చిందే అని బాధ కలిగింది.

*ఏమేం మార్చినారు*

ఆ రెండు రోజులూ ఇద్దరూ కూర్చుని సరిచేసినారు. మీ పిల్లలకు చూపించడానికి వీలుగా రాస్తున్నాం.

లింక్డ్‌ఇన్‌లో పేరు కింద వచ్చే వాక్యానికి 220 అక్షరాల వరకు చోటు ఉంటుంది. అక్కడ ఏ పని చేయగలదో రాసినారు: పైథాన్, ఎస్‌క్యూఎల్ తెలిసిన డెవలపర్, రైతులు రోజూ వాడే వెబ్ పేజీ కట్టింది అని. ముప్పై నైపుణ్యాల్లో ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పగలిగిన తొమ్మిదే ఉంచినారు. ప్రొఫైల్ లింకు చివరన ఉన్న అంకెల తోక తీసేసి పేరు మాత్రం వచ్చేట్టు చేసినారు.

ప్రోగ్రాములు పెట్టే గిట్‌హబ్‌లో పైన ఆరు పనులు వరకు పిన్ చేసి చూపించొచ్చు. వీడియో చూసి చేసినవి కిందికి పోయినాయి, షెడ్డు పేజీ మొదటికి వచ్చింది. అది దేనికి, ఎలా నడుస్తుంది, ఏం కష్టం వచ్చింది అని రీడ్‌మీలో రాసి, రెండు స్క్రీన్‌షాట్లు పెట్టింది. పాత కోడ్‌లో డేటాబేస్ పాస్‌వర్డ్ అలాగే ఉండిపోయింది. చెరిపేసినా పాత ప్రతుల్లో కనిపిస్తుందంట, అందుకే ఆ పాస్‌వర్డే మార్చేసినారు.

భాషల చోట తెలుగు, కన్నడ, ఇంగ్లీషు, కొంచెం ఉర్దూ అని చేర్చినారు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ, రీలర్లతో ఉర్దూ మనకు మామూలే, అందుకే దాన్ని అర్హతగా ఎప్పుడూ అనుకోం. ఇంటి చిరునామా, పుట్టిన తేదీ, ఆధార్ నంబరు మాత్రం ఎక్కడా పెట్టలేదు.

నౌకరీలో ఈ మధ్య వాడుకలో ఉన్న ప్రొఫైళ్లను వేరుచేసి చూసే వీలు కంపెనీలకు ఉంటుంది. అందుకని వారానికి ఒకసారైనా తెరిచి ఏదో ఒకటి సరిచేయమన్నాడు. అన్ని చోట్లా తేదీలు, మార్కులు ఒకేలా ఉండాలి. ఒకచోట ఒకటి, ఇంకోచోట ఇంకొకటి ఉంటే అనుమానం వస్తుంది.

*తర్వాత*

మరుసటి రోజే ఉద్యోగం రాలేదు. మూడు నెలల్లో నలభై చోట్లకు పంపితే ఆరు చోట్ల నుంచి ఫోన్ వచ్చింది. రెండు పరీక్షల్లో తప్పింది. ప్రొఫైల్ తలుపు దాకానే తీసుకుపోతుంది, లోపల కోడ్ రాసి చూపించాల్సింది మనమే. తప్పిన ప్రశ్నలు రాసుకుని రాత్రిళ్లు మళ్లీ చేసేది.

చివరకు ఒక చిన్న కంపెనీవాళ్లు పిలిచినారు. అరగంట ఆ షెడ్డు పేజీ గురించే అడిగినారంట. 24 డిగ్రీలే ఎందుకు, కరెంటు పోతే రాసింది ఏమవుతుంది, మీ నాన్న తప్పు అంకె నొక్కితే ఎట్లా అని. అన్నింటికీ జవాబు చెప్పింది, కోడ్ మొత్తం తనే రాసుకునింది కదా. ఇప్పుడు ఆరు నెలల ట్రైనీగా చేరింది. జీతం పెద్దది కాదు, ఆ తర్వాత ఖాయం చేస్తారో లేదో చూడాలి. పక్కన పెట్టిన 80 వేలతో షెడ్డుకు కొత్త చంద్రికలు, ఊజీ వలలు తెచ్చుకున్నాం.

తల్లిదండ్రులకు మా మాట ఒక్కటే. ఉద్యోగానికి డబ్బు అడిగేవాళ్లను నమ్మొద్దండి. పిల్లలు పక్కన కూర్చున్నప్పుడు, ఇంటి కోసం ఏం చేసినారో గుర్తుచేయండి. పాలు, ఆకు, కూలి లెక్కలకు వాళ్లు చేసిపెట్టిన చిన్న పట్టికైనా సరే, చెప్పుకోదగిన పనే. మన పని పేరు చెప్పడానికి వాళ్లు సిగ్గుపడకుండా ఉండాలంటే ముందు మనం సిగ్గుపడకూడదు.

మొన్న అమ్మాయి తన ప్రొఫైల్ చూపించింది. "మా అమ్మానాన్న పట్టు రైతులు" అన్నది మొదటి వాక్యం. మేము రాయమనలేదు.

వచ్చే వారం చాకీ పురుగులు వస్తాయి, షెడ్డు కడిగి మందు కొట్టాలి. ఉంటాం.