మాగాణి మినుములో ఇచ్చిపుచ్చుకొనేవి, దోచుకొనేవి



తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల మాగాణులలో వరి కోతకు రెండు మూడు రోజుల ముందు తడి నేలపై మినుము చల్లుట మనకు క్రొత్త కాదు. దుక్కి లేదు, ఎరువు లేదు; వరి విడిచిన చెమ్మే దానికి ఆధారం. అయినా పైరు పచ్చగా పెరిగి కాయ కాస్తున్నది. దీనికి తిండి ఎక్కడినుండి వస్తున్నది? ఆ తిండిని ఎవరు తింటున్నారు? ఈ రెండు సంగతులు తెలిసిన రైతు నష్టాన్ని ముందే పసిగట్టగలడు.

ఇచ్చిపుచ్చుకొనే చెలిమి

ఆకు ఎండ సాయంతో గాలిని, నీటిని కలిపి చక్కెర చేసుకొంటుంది. కాని మొక్కకు నత్రజని కూడా కావలెను. గాలిలో నూటికి 78 వంతులు నత్రజనియే అయినా, మొక్క దానిని నేరుగా తీసుకొనలేదు. ఆ పనిని వేరు బుడిపెలలో నివసించే రైజోబియం అనే సూక్ష్మజీవి చేస్తుంది. 1888లో హాలెండు శాస్త్రజ్ఞుడు బైజరింక్ దీనిని వేరుపరచి చూపించినాడు. మొక్క దానికి చక్కెర ఇస్తుంది. అది మొక్కకు నత్రజని ఇస్తుంది.

పూత దశలో ఒక మొక్కను మట్టితో సహా మెల్లగా త్రవ్వి, వేళ్ళు కడిగి, బుడిపెను గోటితో చీల్చి చూడండి. లోపల గులాబి రంగున్నచో పని జరుగుతున్నట్లు. తెల్లగానో, ఆకుపచ్చగానో ఉన్నచో జరుగుటలేదన్నమాట. నీరు నిలిచిన చోట వేరుకు గాలి అందక బుడిపెలు చెడును. కనుక పల్లపు చేలలో మురుగు తీయుట మరువరాదు. విత్తనానికి రైజోబియం కల్చరు పట్టించుట మంచిది.

దోచుకొనే బంగారు తీగ

బంగారు తీగ సంగతి వేరు. దానికి ఆకులు లేవు. మొలచిన కొద్ది రోజులలో మినుమును చుట్టుకొనకపోతే చచ్చిపోతుంది. చుట్టుకొన్నదా, నేలలోని దాని మొదలు ఎండిపోయినా లెక్కలేదు. పీల్చు గొట్టాలను కాండంలోనికి దించి, మినుము వండుకొన్న తిండినే తింటుంది. తిరిగి ఇచ్చేది ఏమీ లేదు. దాని గింజలు నేలలో పదేండ్లకు పైగా బ్రతికి ఉండగలవు. ఒక ఏటి అశ్రద్ధకు ఫలితం ఎన్నో ఏండ్లు అనుభవింపవలెను.

కనుక తీగ పూతకు రాకముందే, అది అల్లుకొన్న మినుముతో సహా పెరికి, చేను వెలుపల తగులబెట్టండి. త్రెంచి వదలిన ముక్క మరల అల్లుకొంటుంది. కాలువలో పారవేసినచో గింజ దిగువ చేలకు చేరును. గింజపడిన తీగను పశువులకు వేయరాదు. గింజ అరగక పెంటతో పొలానికే తిరిగి వచ్చును. విత్తనం జల్లించి, శుభ్రమైనదే చల్లండి. తీగ బాగా ముదిరిన చేలలో జొన్న, మొక్కజొన్న వేయవచ్చును. ఈ తీగ వాటిపై బ్రతుకజాలదు. కలుపు మందు వాడదలచినవారు గ్రామ వ్యవసాయ సహాయకుని సలహా పొందవలెను.

పొలానిది పొలానికే

మినుము పొట్టు పశువుకు మేత, పశువు పెంట పొలానికి ఎరువు. రాలిన ఆకును, వరి మోళ్ళను వానపాములు, బూజులు తిని మరుసటి వరికి ఆహారంగా మారుస్తాయి. ఈ చక్రం తెగకుండ చూచుట రైతు పని.

బంగారు తీగకు గట్లు అడ్డురావు. ఒక్కరు పెరికి, పొరుగువారు ఊరకున్నచో ఫలితం ఉండదు. గ్రామోద్యోగులు చొరవ తీసుకొని, పూతకు ముందే ఒక రోజు నిర్ణయించి, ఊరంతా కలిసి తీగను ఏరివేయించవలెనని కోరుచున్నాను.