రోడ్డూ కావాలి, చెరువూ బతకాలి

పల్లెకు రోడ్డు వద్దనేవాళ్లం కాదు మనం. నొప్పులు పడే ఆడకూతుర్ని మంచంమీద మోసుకెళ్లిన ఊళ్లకు రోడ్డు విలువ ఎవరూ చెప్పనక్కర్లేదు. మన ప్రశ్న వేరు. రోడ్డు వేసేటప్పుడు కొట్టుకుపోయే మట్టి ఎక్కడ చేరుతున్నది? పారే నీరు ఎక్కడ ఆగుతున్నది? ఆ నష్టం ఎవరి నెత్తిన పడుతున్నది?

చెరువులు, కుంటలు, మడుగులు, కొల్లేరు వంటి సరస్సులు - వీటినే చిత్తడి నేలలంటున్నారు. పైవాళ్ల కంటికి ఇవి ఉత్త పల్లపు నేల. పేదవాడికి మాత్రం అదే చేపల కూర, గొడ్ల మేత, నాట్లప్పుడు కూలి.

పని జరిగే తీరు చూడండి. ఎండాకాలంలో గడ్డీ తుప్పలూ చెక్కేసి కొత్త మట్టి పోస్తారు. రోలరు తొక్కిన నడిమి భాగం గట్టిపడుతుంది. పక్క వాలు వదులుగానే మిగులుతుంది. గట్టి వాన ఒక్కటి పడిందా, ఆ వాలు కోసుకుపోయి చెరువులో దిగుతుంది. నీరు బురదై ఎండ లోపలికి పోక నీటి మొక్కలు చస్తాయి. తొలి వానలకు చేపలు పెట్టిన గుడ్లు బురద కింద కుళ్లిపోతాయి. పూడిక పెరిగినకొద్దీ చెరువులో నిలిచే నీరు తగ్గి చివరి మడికి తడి అందదు. చివరి మడి ఎవరిదో మనకు తెలియనిదా?

మట్టితోనే పోదు. కాంక్రీటు యంత్రాలు కడిగిన నీళ్లలోని సున్నపు ఘాటు చేపల మొప్పల్ని మాడుస్తుంది. టిప్పర్ల నుంచి కారిన డీజిలు, నూనె నీటిమీద తెట్టు కడతాయి.

ఇక నీటి దారి సంగతి. కొల్లేటినే తీసుకుందాం. బుడమేరు, తమ్మిలేరు, డెల్టా మురుగు కాలువలు తెచ్చే నీరు అందులో చేరి ఉప్పుటేరు గుండా సముద్రానికి పోవాలి. 1999లో దాన్ని అభయారణ్యమన్నారు. 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది. ఏలూరు-కైకలూరు రోడ్డు దాన్ని అడ్డంగా దాటుతుంది. రోడ్డు కట్టలకు పెద్దల చేపల చెరువుల గట్లు తోడయ్యాయి. 2006లో ఆ గట్లు కొట్టారు, మళ్లీ లేచాయి. వంతెనల కింద దారి ఇరుకైతే వరదకు మునిగేది లంక గ్రామాల పేదల గుడిసెలే.

చట్టాలు లేవా అంటే ఉన్నాయి. చిత్తడి నేలల్లో చెత్త పోయరాదని 2017 నిబంధనలు చెప్తున్నాయి. కాని సాగునీటికోసం మనుషులు తవ్విన చెరువుల్ని అవే నిబంధనలు లెక్కలోంచి తీసేశాయి! అంటే మన ఊరి చెరువు అందులో లేదు. రోడ్లకు మట్టి తవ్వడానికి పర్యావరణ అనుమతి అక్కర్లేదని కేంద్రం 2020లో మినహాయింపిస్తే, 2024 మార్చిలో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ నాలుగేళ్లలో తవ్విన గుంటల్ని ఎవరు పూడుస్తారు?

నివారణ కోట్ల ఖర్చు పనేం కాదు. కూలోడి చేతికి తెలిసిన పనే. కాంట్రాక్టరు దాన్ని ఎగ్గొట్టేది లాభం కోసమే. అందుకే మనం అడుగుతున్నాం:

1. చెరువు పక్క మట్టి పని వానలకు ముందే ముగించాలి. వాలుమీద వెంటనే గరిక గానీ వట్టివేరు గానీ నాటాలి.

2. రోడ్డుకూ నీటికీ నడుమ మట్టి సంచుల వరస వేసి, బురద దిగేందుకు గుంట తవ్వాలి.

3. యంత్రాలు కడిగే నీరు, డీజిలు, తారు చెరువుకు దూరంగా ఉంచాలి.

4. వరద నీరు సాఫీగా పోయేటన్ని తూములు, వంతెనలు కట్టాలి.

5. ఈ పనులు టెండరులోనే రాయాలి. చెయ్యని కాంట్రాక్టరుకు బిల్లు ఆపాలి.

టెండరు కాగితాలు 2005 సమాచార హక్కు చట్టం కింద అడగొచ్చు. గ్రామసభలో చదివించండి. రోడ్డు పనిలో తట్ట మోసేదీ మనవాళ్లే. మట్టి ఎటు పోతున్నదో ముందు చూసేదీ వాళ్లే. వాళ్లను కలుపుకోకుండా ఈ పోరు సాగదు. తొలకరి పడ్డాక అరిచి లాభం లేదు. మట్టి పోస్తున్న రోజే కూలి సంఘం, రైతు సంఘం కలిసి పనిదగ్గరకు వెళ్లి నిలబడాలి.