అర మిల్లీమీటరు గోరు, ఆరు నెలల లెక్క

కొత్త క్లయింట్ వచ్చి కుర్చీలో కూర్చుని రెండు చేతులూ బల్ల మీద పెట్టిందనుకుందాం. పది వేళ్లకూ వేరేచోట పెట్టించుకున్న అక్రిలిక్ గోళ్లు. మొదట్లో గుట్టలా మందం, కొసకు వచ్చేసరికి పలచన. పూత చర్మం మీదికి కూడా పాకింది. రెండు వేళ్లకు ఒక పక్క అంచు లేచి, కింద సందు కనిపిస్తోంది. "ఇవి తీసేసి కొత్తవి పెట్టేయండి, గంటలో ఫంక్షన్‌కి వెళ్లాలి" అంటుంది.

ఆ గంట సరిపోదు. ఎందుకు సరిపోదో చెప్పేవే ఈ లెక్కలు.

చేతి గోటి మందం సుమారు 0.5 మిల్లీమీటరు. అయిదు మామూలు కాగితాలు ఒకదాని మీద ఒకటి పేర్చినంత. కెరటిన్ అనే ప్రొటీన్‌తో నిండిన నిర్జీవ కణాలే ఆ పలక. చర్మం గీసుకుపోతే వారం పది రోజుల్లో మానుతుంది. గోటికి ఆ గుణం లేదు. పైపొర లేచిపోతే అక్కడ మళ్లీ పొర పుట్టదు. మొదట్లో చర్మం కింద దాగి ఉన్న చోట కొత్త గోరు తయారై, పాతదాన్ని ముందుకు తోసుకుంటూ రావాల్సిందే. ఆ వేగం రోజుకు 0.1 మి.మీ., నెలకు 3 మి.మీ. పైచిలుకు. గోరు మొత్తం మారడానికి 4 నుంచి 6 నెలలు. కాలి బొటనవేలికైతే 12 నుంచి 18 నెలలు.

ఇప్పుడు పెళ్లగించడం అంటే ఏమిటో చూడండి. అక్రిలిక్‌ను పుషర్‌తోనో, మరో ప్లాస్టిక్ గోటితోనో ఎత్తి లాగినప్పుడు దానికి అంటుకుని అసలు గోరు 0.1 మి.మీ. మేర లేచిపోయిందనుకుందాం. రెప్పపాటులో అయిదో వంతు గోరు పోయినట్టు. అది తిరిగి రావాలంటే మళ్లీ ఆ నెలలన్నీ ఆగాలి. అక్రిలిక్ వల్లే గోళ్లు పాడయ్యాయని చాలామంది అంటారు. నా దృష్టిలో ఎక్కువ నష్టం జరిగేది పెట్టేముందు గోటిని అతిగా అరగదీసినప్పుడు, తీసేటప్పుడు లాగినప్పుడు. మధ్యలో ఉన్న ఆ ప్లాస్టిక్ చేసే చెరుపు తక్కువ.

అందుకే ఫైల్ చేతిలోకి తీసుకోకముందు చేయాల్సిన పని చూడటం, అడగటం. దీనికి 10 నిమిషాలు కేటాయించాలి. గోరు పెరిగే వేగం తెలుసు కాబట్టి చిన్న స్కేలు పెట్టి చూస్తే చాలా సంగతులు బయటపడతాయి. గోటి మొదలుకీ అక్రిలిక్ అంచుకీ మధ్య ఖాళీ 3 మి.మీ. ఉంటే పెట్టించి సుమారు నెల. నాలుగున్నర ఉంటే నెలన్నర. మధ్యలో ఎప్పుడైనా రీఫిల్ చేయించుకుందేమో అడగాలి, లేకపోతే లెక్క తప్పుతుంది. గోటికి అడ్డంగా ఎర్రటి గాడి, నొక్కితే నొప్పి ఉంటే అది మెషిన్ బిట్ కోసిన గుర్తు. ఈ వృత్తిలో వాళ్లు దాన్ని రింగ్ ఆఫ్ ఫైర్ అంటారు. గాడి మొదలు నుంచి 6 మి.మీ. దూరంలో ఉంటే కోత పడి రెండు నెలలైంది. ఆ గాడి దగ్గర గోరు మిగతా చోట్ల కన్నా పలచన, అక్కడ మళ్లీ ఫైల్ ఆడకూడదు. వేలికి వేలికి తేడా కూడా ఉంటుంది. నడిమి వేలి గోరు త్వరగా పెరుగుతుంది, బొటనవేలిదీ చిటికెన వేలిదీ నెమ్మది.

మొదలుపెట్టేముందు ఫోన్‌తో పది గోళ్లకూ ఫొటో తీయండి. ఏది ముందు నుంచీ ఉంది, ఏది మన చేతిలో జరిగింది అన్న వాదన తర్వాత రాకుండా ఇద్దరికీ అది రక్ష.

కొన్ని గోళ్లను పార్లర్‌లో ముట్టుకోకూడదు. చీము, వాపు, పోటు, రక్తం ఉంటే చర్మవైద్యుల దగ్గరికి పంపాలి. గోరుచుట్టు మీద రోకటి పోటు అన్న సామెత ఇక్కడ అక్షరాలా నిజమవుతుంది. షుగర్ ఉన్నవాళ్ల విషయంలో చిన్న గాయాన్ని కూడా చిన్నదనుకోకూడదు. గోరు కింద ఆకుపచ్చ మచ్చ కనిపిస్తే చాలామంది ఫంగస్ అనుకుంటారు. సాధారణంగా అది సూడోమోనాస్ అనే బాక్టీరియా వదిలిన రంగు. అంచు లేచిన అక్రిలిక్ కింద చేరిన తడిలో అది పెరుగుతుంది. దాని మీద కొత్త పూత వేయడం అంటే ఆ తడికి మూత పెట్టడమే. నొప్పి లేకపోతే పైన ఉన్నది జాగ్రత్తగా తీసి, గోటిని ఆరనిచ్చి, డాక్టరుకు చూపించమనాలి. రంగు మాత్రం గోరు పెరిగి కత్తిరించేదాకా ఉండొచ్చు.

ఇక తీయాల్సింది ఏ పదార్థమో తెలుసుకోవడం. కథ 1954 దాకా వెళుతుంది. అమెరికాలో ఫ్రెడ్ స్లాక్ అనే దంతవైద్యుడు విరిగిన తన గోటిని పళ్లకు వాడే అక్రిలిక్‌తో అతికించుకున్నాడని, అక్రిలిక్ గోళ్లు అలా మొదలయ్యాయని చెబుతారు. పొడి, ద్రవం కలిపితే గట్టిపడే పదార్థం అది. మొదట్లో ఆ ద్రవంగా మిథైల్ మెథాక్రిలేట్ వాడేవారు. పొట్టిగా ఎమ్ఎమ్ఎ. గోళ్లు దెబ్బతిన్నాయని, చర్మం పొక్కిందని 1970ల మొదట్లో ఫిర్యాదులు రావడంతో, అచ్చంగా నూటికి నూరు శాతం ఎమ్ఎమ్ఎ ఉన్న ద్రవాలను అమెరికా ఎఫ్‌డీఏ కోర్టు ద్వారా మార్కెట్ నుంచి తీసేయించింది. ఇప్పుడు మంచి కంపెనీల ద్రవాల్లో ఇథైల్ మెథాక్రిలేట్, అంటే ఇఎమ్ఎ ఉంటుంది. ఎమ్ఎమ్ఎ చవక కాబట్టి అది ఇంకా అక్కడక్కడా తిరుగుతూనే ఉంది.

తీసేవారికి ఈ తేడా ఎందుకంటే, ఇఎమ్ఎ అసిటోన్‌లో 20 నుంచి 40 నిమిషాల్లో మెత్తబడుతుంది. ఎమ్ఎమ్ఎ గంట దాటినా మొండికేస్తుంది. అది అతి గట్టిది కూడా. తలుపు సందులో ఇరుక్కుంటే ప్లాస్టిక్ విరగదు, అసలు గోరే కింది మెత్తటి చర్మం నుంచి ఊడి వస్తుంది. పార్లర్‌లో దీన్ని తేల్చే పరీక్ష ఏదీ లేదు. అయితే ఫైల్ సరిగా కోయకపోవడం, రాస్తుంటే ముక్కు అదిరే ఘాటు, అరగంట నానినా పైన జిగటగా మారడం తప్ప విడవకపోవడం, ఈ మూడూ ఒక్కచోట కనిపిస్తే అనుమానించాల్సిందే.

మామూలు అక్రిలిక్‌కు పని వరుస ఇది. సబ్బుతో ఇద్దరూ చేతులు కడుక్కోవాలి. ముందు పొడవు తగ్గించాలి. టిప్ కట్టర్‌తో ఒక్కసారిగా అడ్డంగా నొక్కితే ఒత్తిడి మొదలు దాకా పాకి, అంచు లేచిన చోట ఇంకా చీల్చుతుంది. రెండు పక్కల నుంచి కొద్దికొద్దిగా కొరికినట్టు కత్తిరించాలి. కింద అసలు గోరు ఎంత పొడవుందో ముందే వేలు తిప్పి చూసుకోవాలి.

తర్వాత మందం తగ్గించడం. ఫైల్ మీద రాసి ఉండే అంకె ఎంత చిన్నదైతే అది అంత గరుకు. 100 గ్రిట్‌తో మొదలుపెట్టి, పలచబడ్డాక 180కి మారాలి. అసలు గోటిని తాకే అవసరం వస్తే 240 కన్నా గరుకుది వద్దు. మెషిన్ వాడేవాళ్లు నిమిషానికి 10,000 నుంచి 15,000 చుట్ల మధ్య ఉంచి, బిట్‌ను గోటికి సమాంతరంగా, ఒక్కచోట ఆపకుండా కదిలించాలి. క్లయింట్ "వేడిగా ఉంది" అన్న మరుక్షణం ఎత్తేయాలి. వేడి తగిలిందంటే ఒత్తిడి ఎక్కువైందని. మొత్తం అరగదీసి గోటిదాకా వెళ్లడం ఇక్కడ ఉద్దేశం కాదు. కింద గోటి రంగు లీలగా తెలిసేంత పలుచటి పొర మిగిల్చి ఆగిపోవాలి. ఈ రెండు పనులకూ 20 నిమిషాలు. మాస్కు ఇద్దరికీ కావాలి, ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోవాల్సింది కాదు.

మిగిలిన పొర పని అసిటోన్‌ది. చక్కెర నీళ్లలో కరిగిపోయినట్టు అక్రిలిక్ అసిటోన్‌లో కరిగిపోదు. అటుకులు నీళ్లు పీల్చి మెత్తబడ్డట్టు ఉబ్బి, మెత్తబడి, గోటి మీద పట్టు వదులుతుంది. పీల్చుకోవడానికి టైము కావాలి, దీనికి దగ్గరి దారి లేదు. అసిటోన్ లేని రిమూవర్లు నెయిల్ పాలిష్‌కు సరిపోతాయి గానీ ఇక్కడ పనిచేయవు. గోటి చుట్టూ చర్మానికి వాజ్‌లైన్ పట్టించి, గోరంత దూది ముక్కను అసిటోన్‌లో తడిపి గోటి మీద పెట్టి, ఫాయిల్ బిగుతుగా చుట్టాలి. దూది ఎండితే పని ఆగిపోతుంది. 20 నిమిషాల తర్వాత ఒక్క వేలి ఫాయిల్ మాత్రమే విప్పండి. పదీ ఒకేసారి విప్పితే మొదటి వేలు శుభ్రం చేసేలోపు మిగతా తొమ్మిదింటి మీద అసిటోన్ ఆవిరై అక్రిలిక్ మళ్లీ గట్టిపడుతుంది. ఆరెంజ్ స్టిక్‌తో తోస్తే జారి వచ్చినంతే తీయాలి. జారకపోతే మళ్లీ తడి దూది, మళ్లీ 10 నిమిషాలు. తోసేటప్పుడు చేతికి బలం పెట్టాల్సి వస్తోందంటే ఇంకా నానలేదన్నమాట.

వేడి చేస్తే పని త్వరగా అవుతుంది, నిజమే. ఫాయిల్ చుట్టిన చేతుల మీద గోరువెచ్చటి టవల్ కప్పితే చాలు. అసిటోన్ సీసాను మాత్రం స్టవ్ మీద గానీ మైక్రోవేవ్‌లో గానీ ఎప్పుడూ పెట్టకూడదు. అది మరిగేది 56 డిగ్రీల సెల్సియస్ దగ్గర. మే నెలలో 45 దాటే విజయవాడ ఎండకు అది 11 డిగ్రీల దూరమే. అంతకన్నా భయపెట్టే అంకె మరొకటి ఉంది. సున్నాకు 20 డిగ్రీలు కింద ఉన్నా దాని ఆవిరి నిప్పు తగిలితే అంటుకోగలదు. పైగా ఆ ఆవిరి గాలికి రెండింతల బరువు. పైకి పోకుండా నేల మీద పాకుతుంది. మన షాపుల్లో సాయంత్రం దేవుడి పటం ముందు దీపం, అగరొత్తి వెలిగిస్తారు కదా, ఆ వేళకు అసిటోన్ గిన్నె మూత తీసి ఉండకూడదు. కిటికీ తెరిచి ఉండాలి.

అంతా వచ్చాక గోళ్లు సున్నం రాసినట్టు తెల్లగా కనిపిస్తే బెదిరిపోనక్కర్లేదు. అసిటోన్ తేమనూ నూనెనూ లాగేసింది. సబ్బుతో కడిగి, 240తో అంచులు మాత్రం సరిచేసి, నూనె రాయాలి. క్యూటికల్ ఆయిలే అక్కర్లేదు, ఇంట్లో కొబ్బరినూనె చాలు. రోజుకు రెండు పూటలు రాయమని చెప్పండి. కడగడం, సరిచేయడం కలిపి 15 నిమిషాలు. మొత్తం కూడితే 65 నుంచి 85 నిమిషాలు. ఇది కేవలం తీయడానికే.

మరి అరగంట నానినా విడవని మొండిదైతే? ఇక్కడే నా అభిప్రాయం గట్టిగా చెబుతాను. అది ఆ రోజే పూర్తిగా పోవాలన్న నియమం ఏదీ లేదు. అంచులు లేచిన భాగం వరకు కత్తిరించి, మిగిలింది కాగితంలా పలచగా ఫైల్ చేసి, కొసను పొట్టిగా చేసి వదిలేయండి. మూడు వారాల తర్వాత రమ్మనండి. అప్పటికి మొదట్లో 2 మి.మీ. కొత్త గోరు వచ్చి ఉంటుంది, పాతది కొస వైపు జరిగి ఉంటుంది. అలా నాలుగైదు నెలల్లో మొత్తం కత్తెరకు అందుతుంది. పదార్థాన్ని గోటితో పాటు బయటికి పెరగనివ్వడం ఓటమి కాదు, దెబ్బతిన్న గోటికి అదే అన్నిటికన్నా క్షేమం.

ఇంకొక ప్రశ్న తప్పకుండా అడగాలి. "గోళ్లు పెట్టించుకున్నాక దురద గానీ, కనురెప్పల మీద ఎరుపు గానీ వచ్చిందా?" గట్టిపడని ద్రవం చర్మానికి పదే పదే తగిలితే అక్రిలేట్ ఎలర్జీ రావచ్చు. చేతులు ముఖానికి తగులుతూ ఉంటాయి కాబట్టి అది రెప్పల మీద, మెడ మీద కూడా బయటపడుతుంది. అమెరికన్ కాంటాక్ట్ డెర్మటైటిస్ సొసైటీ 2012లో అక్రిలేట్లను ఆ ఏటి ముఖ్య ఎలర్జీ కారకాలుగా ప్రకటించింది. ఒకసారి వచ్చిన ఈ ఎలర్జీ సాధారణంగా జీవితాంతం ఉంటుంది. పళ్లలో నింపే పదార్థాల్లో, తుంటి కీలు మార్పిడిలో ఎముకకు వాడే సిమెంటులో ఉన్నదీ ఇదే కుటుంబం. పాతికేళ్ల అమ్మాయి గోళ్ల మోజులో తెచ్చుకున్న ఎలర్జీ అరవై ఏళ్లకు సర్జన్ ముందు సమస్య కావచ్చు. ఉందన్న అనుమానం వస్తే మళ్లీ అక్రిలిక్, జెల్ ఏవీ పెట్టకూడదు. చర్మవైద్యుల ప్యాచ్ టెస్ట్ అయ్యేదాకా ఆగాలి.

తీసిన వెంటనే కొత్త సెట్ పెట్టమని అడిగితే? గోరు గట్టిగా, నొప్పి లేకుండా ఉంటే పెట్టొచ్చు. నొక్కితే వంగిపోతున్నా, నీళ్లు తగిలితే సలుపుతున్నా వద్దు. "ఇరవై రోజుల్లో పెళ్లి ఉందండీ" అంటే, ఇరవై రోజులకు వచ్చేది 2 మి.మీ. కొత్త గోరే. అంతలో అరిగిన గోరు గట్టిపడదని నిజం చెప్పండి. పొట్టిగా, గుండ్రంగా తీర్చిన గోళ్లకు మంచి గోరింటాకు పెడితే పెళ్లికి ఏ లోటూ ఉండదు. ఆ రంగు గోటి కెరటిన్‌కే పట్టుకుంటుంది, దాన్ని తీయడానికి ఎవరి దగ్గరికీ వెళ్లక్కర్లేదు.

పార్లర్ నడిపేవారికి ఒక విన్నపం. రేట్ల బోర్డు మీద పెట్టడానికి ఒక ధర, తీయడానికి మరొక ధర విడిగా రాయండి. తీయడం పక్కన "75 నిమిషాలు" అని కూడా రాయండి. ఉచితంగా చేసే పని తొందరగా చేయాలనిపిస్తుంది, తొందరపడిన చేయి లాగుతుంది. డబ్బు తీసుకున్న పనికి టైము ఇవ్వగలరు. కొత్త క్లయింట్ బోర్డు చదివి, అంత సేపు లేదని వెళ్లిపోతే వెళ్లిపోనివ్వండి. ఇంట్లో ఊడబెరుక్కోవద్దని మాత్రం గుమ్మం దాటేలోపు చెప్పండి.