380 ఎకరాలు, 510 నిమిషాలు, ఆరుగురు మనుషులు

హైదరాబాద్ బహదూర్‌పురాలో ఉన్న నెహ్రూ జంతు ప్రదర్శనశాల విస్తీర్ణం 380 ఎకరాలు. పొలం ఉన్నవాళ్ళకు ఈ లెక్క వెంటనే అందుతుంది. అపార్టుమెంట్లలో పెరిగిన పిల్లలకు ఇంకోలా చెప్పాలి. ఆ స్థలాన్నంతా నలుచదరంగా పరిస్తే ఒక్కో వైపు ఒకటింబావు కిలోమీటరు దాకా వస్తుంది. చుట్టూ ఒక్కసారి తిరిగితే 5 కిలోమీటర్లు. పెద్దవాళ్ళకు అది సుమారు 7,000 అడుగులు. అడుగుకు అర మీటరైనా పడని అయిదేళ్ళ పిల్లకు 11,000. మధ్యాహ్నం రెండింటికి ఆ పిల్ల "నాన్నా, ఎత్తుకో" అని చేతులు చాపుతుంది చూశారూ, అది గారాబం కాదు. నాలుగు వేల అడుగులు అదనంగా నడిచిన అలసట.

"జూకి వెళ్ళొచ్చాం, ఏమీ చూడలేదు" అని వాపోయే కుటుంబాలు ప్రతి వీధిలోనూ ఉంటాయి. పులి పడుకుంది, సింహం కనపడలేదు, ఎండ మండింది, కాళ్ళు పడిపోయాయి. తప్పు జంతువులదీ కాదు, జూదీ కాదు. లెక్క వేసుకోకుండా వెళ్ళడం వల్ల వచ్చిన తంటా అది. ఆ లెక్కేదో ఇక్కడ వేసి చూద్దాం.

మామూలుగా ఉదయం 8:30కి గేటు తీస్తారు, సాయంత్రం 5కి మూస్తారు. నడుమ ఉన్నవి 510 నిమిషాలు. తాతయ్య, నానమ్మ, అమ్మ, నాన్న, ఇద్దరు పిల్లలు కలిసి బయల్దేరారు అనుకోండి. టికెట్ల వరుసకు, బ్యాగుల తనిఖీకి 20 నిమిషాలు. భోజనానికి 45. బాత్‌రూమ్, మంచినీళ్ళు, ఐస్‌క్రీమ్, ఐస్‌క్రీమ్ రంగు నచ్చలేదన్న అలక, అన్నిటికీ కలిపి 40. టాయ్ ట్రైన్ ఎక్కకుండా పిల్లలు కదలరు. వరుసలో నిలబడే సమయంతో సహా దానికి 45. సఫారీ బస్సుకూ అంతే. పిల్లలతో నడక గంటకు రెండున్నర కిలోమీటర్లకు మించదు కనుక ఆ 5 కిలోమీటర్లకు 120. మొత్తం 315 నిమిషాలు ఇలా కరిగిపోయాయి. మిగిలినవి 195.

ఈ జూలో ఉన్న జాతులు సుమారు 190. అంటే ఒక్కో జాతికి ఒక్క నిమిషం. ఆ నిమిషంలోనే బోర్డు చదవాలి, జంతువు ఏ చెట్టు వెనక ఉందో వెతకాలి, చిన్నోణ్ణి భుజమెక్కించుకోవాలి, ఫోన్ తీసి ఫొటో కొట్టాలి. జంతువును చూడటానికి పది సెకన్లు మిగిలితే గొప్ప.

అన్నీ చూడాలన్న పట్టుదల వదిలేసి పన్నెండు జంతువులను ఎంచుకోండి. 195ని 12తో భాగిస్తే ఒక్కోదానికి 16 నిమిషాలు దక్కుతాయి. "అంత డబ్బు పెట్టి వచ్చి పన్నెండేనా?" అని నానమ్మ అనక మానదు. అయినా పదహారు నిమిషాలు ఒకే చోట నిలబడితే కోతుల గుంపులో పెత్తనం ఎవరిదో తెలుస్తుంది. ఏనుగు తొండంతో గడ్డిని కాలికేసి దులిపి మట్టి రాల్చుకోవడం కనిపిస్తుంది. ఒక్క నిమిషంలో కనిపించేది జంతువు వీపు మాత్రమే.

డబ్బు మాటెలాగూ వచ్చింది. 2025 మార్చి నుంచి ఇక్కడ ప్రవేశ రుసుము పెద్దలకు 100 రూపాయలు, పిల్లలకు 50. మన ఆరుగురికీ కలిపి 500. రైలు, సఫారీ, బ్యాటరీ బండి, కెమెరా, ఇవన్నీ విడి టికెట్లు. ధరలు మారుతూనే ఉంటాయి కాబట్టి బయల్దేరే ముందు ఓసారి చూసుకోండి. తాతయ్యకు మోకాళ్ళ నొప్పులుంటే మాత్రం బ్యాటరీ బండి దగ్గర బేరాలు పెట్టుకోవద్దు. ఆయన నడిచి కూలబడితే ఆ పూట అందరి జూ అక్కడితో ముగుస్తుంది.

ఇక పడుకున్న పులి సంగతి. సింహం రోజులో దాదాపు 20 గంటలు పడుకునో, కునికిపాట్లు పడుతూనో గడుపుతుంది. మెలకువగా తిరిగేది నాలుగు గంటలు. మీరు వెళ్ళి నిలబడిన నిమిషంలో అది లేచి తిరుగుతూ ఉండే అవకాశం ఆరింట ఒక వంతు. అదీ ఆ నాలుగు గంటలూ రోజంతా సమానంగా పరుచుకుని ఉంటేనే. కానీ సింహం హుషారంతా రాత్రివేళ, తెల్లవారుజామున, సందెవేళ. మనం టికెట్ కొనుక్కునే గంటల్లో దానికి నడిరాత్రే. పులికీ ఎక్కువగా ఇదే వరస. మధ్యాహ్నం పన్నెండింటికి పులి ముందు నిలబడి "ఏయ్, లే" అని అరిచేవాళ్ళను చూస్తే జాలేస్తుంది. ఎవరైనా రాత్రి పన్నెండింటికి మన పడగ్గది కిటికీ దగ్గర అలా అరిస్తే పోలీసులకు ఫోన్ చేస్తాం. జూలోనూ చట్టం ఉంది. వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 38జె సెక్షన్ ప్రకారం జూలో జంతువులను ఆటపట్టించినా, గోల చేసి బెదరగొట్టినా, తిండి పెట్టినా, చెత్త వేసినా నేరమే. జైలు దాకా వెళ్ళే నేరం. వేరుశనక్కాయలు విసిరే పెద్దమనుషులకు ఈ సంగతి తెలిసినట్టు కనపడదు.

కాబట్టి దారి గడియారాన్ని బట్టి వేసుకోవాలి, మ్యాప్‌ను బట్టి కాదు. గేటు తీయగానే పెద్ద పిల్లుల వైపు, ఎలుగుబంట్ల వైపు నడవండి. పొద్దున చల్లగా ఉంటుంది, రాత్రి గూళ్ళలోంచి అప్పుడే బయటికి వదిలి ఉంటారు, కాసేపు వాసన చూసుకుంటూ తమ హద్దులు తిరిగొస్తాయి. కోతులూ పక్షులూ కూడా పొద్దుటి పూటే సందడి. పదీ పదకొండు మధ్య, ముఖ్యంగా చలికాలంలో, మొసళ్ళ దగ్గరికి వెళ్ళండి. వంట్లో సొంతంగా వేడి పుట్టించుకోలేని జీవి కనుక ఒడ్డుకొచ్చి ఎండ కాగుతుంది. నోరు తెరుచుకుని కదలకుండా పడి ఉంటే బొమ్మనుకునే పిల్లలు చాలామంది. వంటి వేడి సరిచూసుకోవడానికి అలా నోరు తెరుస్తుందని వాళ్ళకు చెప్పండి.

ఎండ ముదిరాక పాముల ఇంటికీ, నిశాచర జంతువుల ఇంటికీ పొండి. ఈ రెండోది చక్కని ఏర్పాటు. పగలు లోపల మసక చీకటి ఉంచుతారు, రాత్రి దీపాలు వేస్తారు. దాంతో ఆ జంతువుల లెక్కలో రాత్రి పగలవుతుంది, అవి మన కళ్ళ ముందు తిరుగుతాయి. కళ్ళు చీకటికి అలవాటు పడటానికి కనీసం ఐదు నిమిషాలు కావాలి. జనం మాత్రం రెండు నిమిషాల్లో అటు నుంచి ఇటు వచ్చేసి "లోపల ఏమీ లేదు" అని వరుసలో ఉన్నవాళ్ళకు చెబుతారు. ఫోన్ టార్చి వేయకుండా నిలబడితే చాలు.

నాలుగు దాటాక మళ్ళీ పులుల వైపు రండి. మన దేశపు జూలలో మాంసాహారులకు రోజుకు ఒక్కసారే తిండి, అదీ ఎక్కువగా సాయంత్రం, వెనకున్న రాత్రి గూట్లో. ఆ వేళకు అవే లేచి తలుపు దగ్గర పచార్లు మొదలుపెడతాయి. పెద్ద పులికి రోజుకు 10 కిలోల మాంసం చొప్పున వేసుకోండి. వారంలో ఒక రోజు పస్తు పెట్టడం చాలా జూలలో ఆనవాయితీ. అడవిలో రోజూ వేట దొరకదు గదా. ఆరు రోజులకు 60 కిలోలు, ఏడాదికి 3 టన్నుల పైన. ఏనుగు లెక్క ఇంకోలా ఉంటుంది. రోజుకు 150 కిలోల మేత, ఏడాదికి 55 టన్నులు. అందులో సగం కూడా అరగదు, మిగతాది పేడగా బయటికొస్తుంది. జూలో విన్న అన్ని అంకెల్లోకీ పిల్లలు ఇంటికెళ్ళాక చెప్పుకుని నవ్వుకునేది ఇదే. అన్నట్టు, ఏనుగు నిద్ర చాలా తక్కువ. ఏ వేళకు వెళ్ళినా మెలకువగా, ఏదో ఒకటి నములుతూ కనిపిస్తుంది. పిల్లలు నీరసపడినప్పుడు వాడుకోవడానికి దాన్ని దాచిపెట్టుకోండి.

జనం ఎక్కువగా గుమిగూడేది తెల్లపులి దగ్గర. దాని అంకెలు కూడా తెలిసి చూస్తే బాగుంటుంది. తెల్లపులి వేరే జాతి కాదు. ఒక జన్యువులో వచ్చిన చిన్న మార్పు వల్ల పసుపు రంగు పోయిన మామూలు పులే. ఆ మార్పు తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా రావాలి. ఆ జన్యువును మోసే రెండు పసుపు పులులు జతకడితే తెల్ల పిల్ల పుట్టే అవకాశం నాలుగింట ఒకటి. 1951లో రీవా అడవుల్లో పట్టిన మోహన్ అనే ఒక్క మగపిల్ల సంతానమే మన దేశపు జూలలోని తెల్లపులులు చాలావరకు. దగ్గరి చుట్టరికాల్లో జత కలపకుండా ఈ రంగు నిలవదు. వాటిలో మెల్లకన్ను వంటి లోపాలు తరచుగా కనిపిస్తాయి. అందంగా ఉంటుంది నిజమే, నా పన్నెండులో మాత్రం దానికి చోటు లేదు.

ఆ చోటు మూషిక జింకకు ఇస్తాను. మూడు కిలోల జంతువు, ఎత్తు అడుగు దాటదు. కుందేలనుకుని జనం దాటిపోతారు. ఈ జూ, జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీకి చెందిన అత్తాపూర్ లాకోన్స్ ప్రయోగశాల కలిసి 2010లో చేతివేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్ని మూషిక జింకలతో సంతతి పెంచడం మొదలుపెట్టాయి. కొన్నేళ్ళలో అవి 200 దాటాయి. వాటిలో కొన్నిటిని నల్లమలలోని అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో వదిలారు. రాబందులను కూడా ఇక్కడ పెంచుతున్నారు. పశువుల మందు డైక్లోఫెనాక్ కలిసిన కళేబరాలు తిని 1990ల నుంచి తెల్లవీపు రాబందుల్లో 99 శాతానికి పైగా చచ్చిపోయాయి. 2006లో ఆ మందును పశువులకు వాడటం నిషేధించారు. తాతయ్య చిన్నప్పుడు ఊరి చివర గుంపులుగా చూసిన పక్షి మనవడికి బొమ్మల్లో తప్ప దొరకడం లేదు. ఆ కథ చెప్పడానికి ఆయనకు జూ కన్నా మంచి చోటు ఉండదు.

సంఖ్యల సరదా ఉన్న పిల్లలకు ఇంకోటి. కేంద్ర జూ అథారిటీ 1992లో ఏర్పడింది. 2009 నాటి నిబంధనల ప్రకారం పెద్ద జూ అనిపించుకోవాలంటే 75 హెక్టార్ల స్థలం, 75 జాతులు, 750 జంతువులు, ఏడాదికి ఏడున్నర లక్షల మంది సందర్శకులు దాటాలి. మన 380 ఎకరాలంటే 154 హెక్టార్లు. అంటే కావలసిన దానికి రెట్టింపు. 1959లో జూ పని మొదలైంది, 1963 అక్టోబరు 6న జనాన్ని రానిచ్చారు. బాగ్-ఎ-ఆమ్‌లో, అంటే ఇప్పటి పబ్లిక్ గార్డెన్స్‌లో ఉన్న పాత జంతువులు ఇక్కడికి తరలి వచ్చాయి. వాటిలో గాలపాగోస్ తాబేలు చాణక్య ఒకటి. 2024 మార్చిలో చనిపోయేనాటికి దాని వయసు 125 ఏళ్ళని జూ చెప్పింది. ఆ లెక్కన ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఏలుబడిలో పుట్టి, ఈ జూ తెరిచేనాటికే అరవై దాటిన పెద్దమనిషి. మీ నానమ్మ బడిపిల్లగా వచ్చి చూసిందీ, మీరు చూసిందీ బహుశా ఆ ఒక్క తాబేలునే.

సింహాల దగ్గర ఒక సంగతి గుర్తు చేసుకోవచ్చు. 2021 మేలో ఇక్కడి ఎనిమిది ఆసియా సింహాలకు కొవిడ్ సోకినట్టు సీసీఎంబీ పరీక్షల్లో తేలింది. అవన్నీ కోలుకున్నాయి. గుజరాత్‌లో 2025లో లెక్కపెడితే ఆసియా సింహాలు 891 ఉన్నాయి. ప్రపంచంలో మరే అడవిలోనూ లేవు. అందుకే జూలలో ఉన్న ప్రతి సింహానికీ అంత జాగ్రత్త.

వెళ్ళే కాలం నవంబరు నుంచి ఫిబ్రవరి. ఏప్రిల్, మే నెలల్లో జూ వాళ్ళే తడికలు కట్టి, స్ప్రింక్లర్లు పెట్టి, పుచ్చకాయలు పంచి జంతువులను కాపాడుకుంటారు. ఆ ఎండల్లో మనుషులూ జంతువులూ నీడ వదిలి రారు. సంక్రాంతి, జనవరి ఒకటి, ఆదివారాలు వీలైతే వదిలేయండి. వైజాగ్ వాళ్ళకు 1977లో తెరిచిన 625 ఎకరాల ఇందిరాగాంధీ జూ, రాయలసీమ వాళ్ళకు 1987 నాటి తిరుపతి శ్రీ వేంకటేశ్వర జూ ఉండనే ఉన్నాయి. వేళలు కాస్త అటూ ఇటూ అయినా పైన వేసిన లెక్క అక్కడా పనికొస్తుంది.

నిబంధనల ప్రకారం ప్రతి జూ వారానికి ఒక రోజు సందర్శకులకు సెలవు ఇవ్వాలి. హైదరాబాద్‌లో, వైజాగ్‌లో అది సోమవారం, తిరుపతిలో మంగళవారం. పిల్లలకు బూట్లు తొడిగేముందు ఏ వారమో ఒకసారి చూసుకోండి.