సమాచారమనే అమానతు: ప్రచురణకు ముందు ప్లగిన్ తనిఖీ

ఏలూరు, విజయవాడల మధ్య జాతీయ రహదారిని గుడివాడ, నూజివీడు దారులు కలిసే కూడలి హనుమాన్ జంక్షన్. అక్కడి నుండి నూజివీడు వైపు సాగితే మామిడి తోటలు. కాపు చేతికి రాకముందే తోటను వ్యాపారికి గుత్తకిచ్చి బయానా పుచ్చుకొనే రైతులు ఈ ప్రాంతంలో ఉన్నారు. ఒక పరిశోధకుడు అక్కడ ఇల్లిల్లూ తిరిగి సమాచారం సేకరించాడనుకుందాం. రైతు పేరు, ఫోను నంబరు, చిన్నరసాలు ఎన్ని చెట్లు, బంగినపల్లి ఎన్ని, బయానా ఎంత, అప్పు ఎంత అన్నీ పట్టికకెక్కుతాయి. రైతు నమ్మి చెప్పిన ఆ మాటలు పరిశోధకుని వద్ద అమానతు. ఆ పట్టిక ఉన్నదున్నట్లు లోకానికి వెల్లడైతే, మరుసటి ఏడు బేరానికి వచ్చే వ్యాపారికి రైతు అవసరం ముందే తెలిసిపోతుంది. నష్టపోయేది రైతే.

అట్లని సమాచారాన్ని బీరువాలో దాచిపెట్టడమూ సరికాదు. పటాన్‌చెరులో 1972లో స్థాపించబడిన ఇక్రిసాట్ సంస్థ 1975లో ఆరు గ్రామాల కుటుంబాల జీవన వివరాలను క్రమంగా సేకరించ నారంభించింది. అందులో అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాకు చెందిన ఔరేపల్లె, దోకూరు ఉన్నాయి. మెట్ట ప్రాంతపు పేదరికాన్ని గురించి ఎన్నో పరిశోధనలు ఈ వివరాల ఆధారంగా వెలువడ్డాయి. దాచి ఉంచి పంచుకున్నందువల్లనే ఇది సాధ్యమైంది. ఇస్నాద్ లేని ఉల్లేఖనను హదీసు విద్వాంసులు స్వీకరించనట్లే, ఎవరు, ఎప్పుడు, ఎట్లా సేకరించారో తెలియని పట్టికను పరిశోధకులు నమ్మరు. ఆ వివరాలతో సహా దత్తాంశాన్ని భద్రపరచే చోటునే దత్తాంశ భాండాగారం అంటారు.

ఇక్రిసాట్ తన భాండాగారానికి వాడుతున్న సాఫ్ట్‌వేరు డేటావర్స్. అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో 2006లో మొదలైన ఈ సాఫ్ట్‌వేరును ఏ సంస్థయినా ఉచితంగా స్థాపించుకోవచ్చును. ఇందులో దత్తాంశం మొదట చిత్తుప్రతిగా ఉంటుంది. ప్రచురించిన పిమ్మట దానికి డీఓఐ అనే శాశ్వత గుర్తింపు స్థిరపడుతుంది. తరువాత ఉపసంహరించినా దాని వివరాల పుట మిగిలే ఉంటుంది. అప్పటికే ఇతరులు దించుకొన్న ప్రతులను వెనక్కు రప్పించే మార్గమే లేదు. కావున తనిఖీ జరుగవలసింది ప్రచురణకు ముందే.

మూల సాఫ్ట్‌వేరును మార్చకుండా దానికి జతచేసే అనుబంధ ప్రోగ్రామును ప్లగిన్ అంటారు. ఇట్టివాటిని తగిలించడానికి డేటావర్స్‌లో వర్క్‌ఫ్లో అనే ఏర్పాటు ఉంది. ప్రచురణకు ముందు ఒకటి, తరువాత ఒకటి, రెండు సందర్భాలలో దీనిని నడపవచ్చును. ఇక్కడ కావలసింది మొదటిది.

అమర్చే క్రమం ఇది. మొదట తనిఖీ ప్రోగ్రామును రాసి ఒక సర్వరుపై ఉంచాలి. పేరు, ఫోను, ఆధార్, సర్వే నంబరు వంటి శీర్షికలున్నాయా, ఏ గడిలోనైనా వరుసగా పది అంకెలున్నాయా అని అది చూస్తుంది. చిత్తుప్రతిని చదివే అనుమతి దానికి ఇవ్వాలి. రెండవది, వర్క్‌ఫ్లో మెట్లను ఒక జేసన్ ఫైలులో రాయాలి. ఏ చిరునామాకు కబురు పంపాలి, ఏ జవాబు వస్తే సమ్మతిగా భావించాలి, విఫలమైతే ఎవరికి తెలపాలి అన్నవి అందులో ఉంటాయి. మూడవది, ఆ ఫైలును నిర్వాహకుల ఏపీఐ ద్వారా డేటావర్స్‌కు పంపాలి. అది ఒక సంఖ్యను తిరిగి ఇస్తుంది. నాల్గవది, ఆ సంఖ్యను ప్రచురణకు ముందు నడిచే వర్క్‌ఫ్లోగా నియమించాలి. ఐదవది, తనిఖీ సర్వరు ఐపీ చిరునామాను అనుమతి జాబితాలో చేర్చాలి. ఈ చివరి పని మరచిపోతే దాని జవాబును డేటావర్స్ స్వీకరించదు.

ఇక ఎవరైనా ప్రచురణ మీట నొక్కగానే డేటావర్స్ ఆ దత్తాంశానికి తాళం వేసి, తనిఖీ ప్రోగ్రాముకు కబురు పంపి వేచి ఉంటుంది. నిర్ణయించిన జవాబు వస్తే ప్రచురణ జరుగుతుంది. వేరే జవాబు వస్తే అంతకు ముందు జరిగిన మెట్లను సాధ్యమైనంతవరకు రద్దు చేస్తుంది. దత్తాంశం చిత్తుప్రతిగానే నిలిచిపోతుంది. అసలు జవాబే రాకపోతే తాళం అట్లాగే ఉండిపోతుంది; నిర్వాహకుడు వచ్చి తీయవలసి ఉంటుంది. అందుచేత అసలు భాండాగారానికి తగిలించే ముందు, ప్రయోగ సర్వరుపై ఈ మూడు సందర్భాలనూ పరీక్షించి తీరాలి. ఈమెయిలు పంపడం వంటి, వెనక్కు తీసుకోలేని పనులను ప్రచురణానంతర వర్క్‌ఫ్లోలో పెట్టడమే క్షేమం.

అయితే ఒక హెచ్చరిక. పేరు తీసివేసినంత మాత్రాన మనిషి మరుగున పడడు. ఊరిలో నలభై ఎకరాల తోట ఒక్కరికే ఉంటే, ఆ అంకె ఒక్కటే ఆయన పేరు చెప్పేస్తుంది. దానికి విస్తీర్ణాన్ని శ్రేణులుగా చూపడం, ఊరి పేరుకు బదులు మండలం పేరు రాయడం వంటి ఉపాయాలున్నాయి. ఏది ఎక్కడ అవసరమో పది అంకెలను పట్టుకొనే ప్రోగ్రాముకు తెలియదు. ఆ ఊరు ఎరిగిన మనిషి ఒకసారి పట్టిక చదివి సరేనన్న తరువాతనే ప్రోగ్రాము సమ్మతి పంపేటట్లు అమర్చుకోవచ్చును. అందాకా డేటావర్స్ వేచి ఉంటుంది. రైతు నమ్మింది యంత్రాన్ని కాదు, తన గడపకు వచ్చిన మనిషిని. కావున చివరి జవాబుదారీ ఆ మనిషిదే.